దొంగ లెక్కల సారు

పదేళ్ళ కిందట, నాంపల్లిలో ఒక హైస్కూలు హాల్లో, అరవై డెబ్బై మంది తల్లిదండ్రుల ముందు "ఈ అంకెలు ఎవరు వేసిన్రు?" అని గట్టిగా అడిగారు. వేసింది నేను. అడిగిన మనిషికి రెండడుగుల దూరంలో, చేతిలో సెలోటేపు పట్టుకుని నిలబడి ఉన్నాను. "నేనే" అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు. నేను అనకపోవడం వల్ల ఒక మంచి టీచరుకు ఒక చెడ్డ పేరు అంటుకుంది.

ఆ పేరు ఈ జూన్‌లో నా దుకాణం మెట్లెక్కి నా దగ్గరికే వచ్చింది.

ఆబిడ్స్‌లో పెద్ద రోడ్డు మీంచి లోపలికి తిరిగే ఒక గల్లీలో మాది చార్టుల దుకాణం. డ్రాయింగ్ షీట్లు, థర్మాకోల్, రంగు కాగితాలు, దేశపటాలు అమ్ముతాను. తయారుచేసి పెట్టిన స్కూలు ప్రాజెక్టులు కూడా ఉంటాయి. అగ్నిపర్వతం, సూర్యకుటుంబం, గుండెకాయ. పిల్లల పేరు, సెక్షను చెప్తే కింద అందంగా రాసి ఇస్తాను. మా నాన్న సైన్‌బోర్డులు రాసేవాడు. చేతిరాత ఆయన నుంచి వచ్చింది.

ఆ రోజు ఒకామె వచ్చి అడిగింది. "అన్నా, మా బిడ్డకు తొమ్మిదో తరగతిల ప్రాజెక్టు ఇచ్చిన్రు. ఏదన్న తయారుగ ఉంటే ఇయ్యుండ్రి."

ఏ స్కూలమ్మా అంటే మా అమ్మాయి చదివిన స్కూలే చెప్పింది.

"ఈ ఏడు నుంచి మల్ల అన్నీ ప్రాజెక్టులే అంటున్రు అన్నా. శనివారం మాకు గూడ మీటింగు పెట్టిన్రు, సమజు చేస్తరంట. ఇంతకుముందు గిట్లనే ఒక సారు పెట్టిండంట గద, దొంగ లెక్కల సారంట. పిల్లలతోని ఉత్తుత్తి అంకెలు వేయించి దొరికిపోయిండంట. గసొంటోడు కాకుంటె చాలు."

ఆమె నవ్వుతూ అంది. ఆమెకు ఆయన మొహం కూడా తెలియదు. నేను "తయారుగ ఏం లేవమ్మా" అన్నాను. నా వెనక అరమీద నాలుగు అగ్నిపర్వతాలు వరసగా కూర్చుని ఉన్నాయి. ఆమె వాటివైపు చూసింది, నావైపు చూసింది, వెళ్ళిపోయింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆ పేరు పక్కన ఆ మాట మళ్ళీ పడుతుంది. సారు అనే అంటాను.

సారు పొడుగు మనిషి. నేలమీద ఏదో పోగొట్టుకున్నవాడిలా కొంచెం వంగి నడిచేవారు. భుజాన గుడ్డ సంచి. అందులో కొలత టేపు, స్టాప్‌వాచీ, సుద్దముక్కలు, ఎవరైనా పిల్ల ఇచ్చిన జామకాయ. ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచేవారు. ఆ తుడవడం అయ్యేసరికి అడిగినవాడికే ఏదో ఒకటి తోచేది. తోచకపోతే "నాకు గూడ తెల్వదు, పా చూద్దం" అనేవారు. తెలియదు అనే మాటను అంత సంతోషంగా పలికే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆయన క్లాసు మేడమీద. ఎత్తయిన కిటికీలు. నాంపల్లి స్టేషన్ మైకు గాలివాటంగా లోపలికి వచ్చేది. ఏదో రైలు ఏదో ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని చెప్పే ఆడగొంతు వినపడగానే సారు సుద్దముక్క గాలిలోనే ఆపేవారు. తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో అది చెప్పడం పూర్తయ్యేదాకా కదిలేవారు కాదు. "ఎవరో ఎక్కడికో పోతున్నరు, పోనిద్దం" అని, ఆపిన మాట దగ్గరే మళ్ళీ మొదలుపెట్టేవారు. ఇప్పుడు తలచుకుంటే ఆ గది నాకు నీళ్ళలోంచి చూసినట్టు కనపడుతుంది. కిటికీలోంచి ఏటవాలుగా పడే ఎండ, అందులో తేలే సుద్దపొడి, పైకెత్తిన ఒక చెయ్యి. ఆ గదికి నేను వెళ్ళింది నాలుగైదు సార్లేనేమో. ఏళ్ళ తరబడి అక్కడే కూర్చున్నట్టు అనిపిస్తుంది.

మొదటిసారి ఆయన నా దుకాణానికి వచ్చినప్పుడు చార్టు పేపరు తీసి వాసన చూశారు. తర్వాత అర వైపు చూశారు.

"ఇవన్నీ ఎవరు చేస్తరు సేటూ?"

"నేనే సార్."

"అయితె మార్కులు గూడ నీకే రావాలె గద. నీ హాల్‌టికెట్ నంబరెంత?"

ఇద్దరం నవ్వాం. ఆయన తెల్ల చార్టులు పది తీసుకుని వెళ్ళారు. గీతలున్నవి వద్దన్నారు. గీతలు పిల్లలే గీసుకుంటారట.

అప్పుడు మా మానస తొమ్మిదో తరగతి. ఆ ఏడు సారు క్లాసులో పాఠం చెప్పి ప్రశ్నలు రాయించడం తగ్గించి, ముందు ప్రశ్న ఇచ్చి దాని వెంట పిల్లలను తిప్పడం మొదలుపెట్టారు. దానికి ప్రాజెక్టు అని పేరు పెట్టారు. మాకు ప్రాజెక్టు అంటే థర్మాకోల్. అందుకే గొడవ. తల్లిదండ్రులు మేనేజ్‌మెంటుకు చెప్పుకున్నారు. దాంతో సారు ఒక శనివారం సాయంత్రం మమ్మల్నందరినీ స్కూలు హాల్లోకి పిలిచి పిల్లల బెంచీల మీద కూర్చోబెట్టారు. మోకాళ్ళు పట్టలేదు. పక్కకి తిరిగి కూర్చున్నాం.

దవాఖానలో నర్సుగా పనిచేసే ఒక తల్లి ముందే లేచింది. "సార్, మా పిల్లకు టెన్త్‌ల మంచి మార్కులు రావాలె. రోడ్ల పొంట తిరిగితె వస్తయా?"

సారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. చాయ్ తెప్పించారు. మనిషికి రెండు ఉస్మానియా బిస్కెట్లు ఇచ్చారు.

"ఈ బిస్కెట్ చాయ్‌ల ఎన్ని సెకన్లు నిలబడ్తది? ఇరిగి పడేదాంక చూసి లెక్క చెప్పుండ్రి. గంతే."

మొదట అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత ఎవరో వాచీ తీశారు. అయిదు నిమిషాల్లో హాలు సంత అయింది.

"నాది ఇరవై!"

"ఇరవయ్యా? సగం గూడ ముంచలే, దొంగాట ఆడుతున్నవు!"

"మీ చాయ్ సల్లగైంది సేటూ, అందుకే నిలబడ్డది. నాది కాలుతున్నది చూడు."

"మొత్తం ముంచాలె అని ఎవరన్నరు?"

"సగం అని మాత్రం ఎవరన్నరు?"

సారు వాళ్ళు అరిచినవన్నీ బోర్డు మీద రాస్తూ పోయారు. చాయ్ వేడి. ఎంత లోతు. బిస్కెట్ మెత్తబడ్డదా. వాచీ ఎవరిది. రాయడం అయ్యాక ఇటు తిరిగి అడిగారు.

"చాయ్ వేడి అందరిదీ ఒకటే ఉండాలె అని నేను చెప్పిన్నా?"

"లేదు."

"పుస్తకంల ఉన్నదా?"

"లేదు."

"మరి మీకెట్ల తెలిసింది?"

నర్సమ్మే అంది. "కొట్లాడంగ తెలిసింది సార్."

హాలంతా నవ్వు. సారు కూడా నవ్వి, "ఇదే ప్రాజెక్టు అమ్మా. మీ బిడ్డ రోడ్డు మీద ఊకె తిరుగుతలేదు, గిట్ల కొట్లాడుతున్నది. గట్ల కొట్లాడి నేర్సుకున్నది పరీక్షల గూడ యాదికుంటది" అన్నారు. ఆమె కూర్చుంది. ఒప్పుకున్నట్టా కాదా చెప్పలేను కానీ, రెండో బిస్కెట్ కూడా ముంచి లెక్కపెట్టింది.

అందరి అంకెలూ బోర్డు మీద గడుల్లో వేస్తూ సారు నా దగ్గరికి వచ్చారు. అప్పుడే స్టేషన్ మైకు వినపడి నేను కిటికీ వైపు చూశాను. తిరిగి చూసేసరికి బిస్కెట్ మునిగిపోయింది.

"ఎంత వేయమంటరు సార్? పదిహేను వేయుండ్రి, అందరిదీ అటుఇటుగ గంతే ఉన్నది."

"చూసినవా?"

"లేదు."

"చూడలేదు గద. ఖాళీ ఉండనీ."

నా పేరు ఎదురుగా గడి ఖాళీగానే ఉంచి ఆయన పక్క మనిషి దగ్గరికి వెళ్ళారు. ఇది అందరికన్నా ముందు, అందరికన్నా స్పష్టంగా నాకు చెప్పిన పాఠం. ఈ సంగతి ఇక్కడ రాయడం అవసరం.

మానస గుంపుకు వచ్చిన ప్రశ్న ఇది. ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు ముందర రోడ్డు దాటడానికి ఒక ముసలి మనిషికి ఎంతసేపు పడుతుంది, రోడ్డు వాళ్ళకు ఎంతసేపు ఇస్తుంది? అయిదుగురు పిల్లలు. స్కూలు విడిచాక గంటసేపు ఫుట్‌పాత్ మీద నిలబడి వాచీతో కొలిచేవారు. వెనక చేతులు కట్టుకుని సారు. నేను దుకాణం వదిలి ఒకటి రెండుసార్లు వెళ్ళి దూరం నుంచి చూశాను. సాయంత్రం ఎండ రోడ్డు మీద పసుపు నీళ్ళలా పరుచుకుని ఉండేది. అందులోంచి ఒక ముసలామె సంచీ పట్టుకుని మెల్లగా, ఏరు దాటుతున్నట్టు వచ్చేది. మా అమ్మాయి ఊపిరి బిగబట్టి చూసేది. ముసలామె ఈ ఒడ్డు చేరగానే మానస వాచీ నొక్కేది. ఇంట్లో ఎన్నడూ ఏ మనిషినీ అంత శ్రద్ధగా చూడగా నేను చూడలేదు.

అక్కడ డ్యూటీలో ఉండే హోంగార్డు ఒకరోజు అడిగాడు. "ఏంది సార్, మా మీద కంప్లైంటా?"

"లేదు తమ్మీ, ముసలోళ్ళ మీద లెక్క."

వారం తిరిగేసరికి ఆ హోంగార్డు ముసలివాళ్ళు రోడ్డు మీదికి దిగినప్పుడు చెయ్యి ఇంకొంచెంసేపు అడ్డం పట్టుకోవడం నేను చూశాను. "పాప చెప్పింది, వాళ్ళకు టైమ్ సాల్తలేదంట" అన్నాడు నాతో. ఆమె నా బిడ్డ అని అతనికి తెలియదు.

ఒక సాయంత్రం వాన కొట్టింది. రోడ్డు మునిగింది. సారు పిల్లలను తీసుకుని పరుగున వచ్చి మా దుకాణం రేకు కింద నిలబడ్డారు. తడిసిన పిల్లలు, తడవకుండా చొక్కాలో దాచిన నోటుబుక్కు.

"ఇయ్యాల్టి గడిల ఏం రాయాలె సార్?" మానస అడిగింది.

"ఏం జరిగింది?"

"వాన."

"అయితె వాన అని రాయి."

నెల తర్వాత ప్రదర్శన. మానస చార్టు గీసి, అంకెలు పెన్సిలుతో వేసి, పైన పేరు మాత్రం పెద్ద అక్షరాలతో రాసిపెట్టమని నాకిచ్చి ట్యూషనుకు వెళ్ళింది. నేను బల్లమీద పరిచి చూశాను. అంకెలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. ఒకచోట ఇరవై మూడు, పక్కన నూట ముప్పై. నూట ముప్పై పట్టిన ముసలాయన రోడ్డు మధ్యలో చెప్పు తెగి ఆగిపోయాడట, కింద చిన్నగా రాసి ఉంది. మూడు గడులు ఖాళీ. ఒక గడిలో "వాన".

నా పని నాకు అలవాటు. మా దుకాణంలో ఖాళీ గడి ఉన్న చార్టు ఎవరూ తీసుకోరు. చూడగానే చెయ్యి దురద పెట్టింది. రబ్బరుతో "వాన" తుడిచాను. నూట ముప్పై తీసి ముప్పై చేశాను. ఖాళీ గడులు ఆ వరస ఈ వరస చూసి నింపాను. అన్నిటి మీదా నల్ల స్కెచ్‌పెన్నుతో దిద్దాను. వాన గడిలో ముప్పై అయిదు పడింది. చార్టు పెళ్ళికూతురిలా తయారైంది. చుట్టి రబ్బరు బ్యాండు వేశాను. పొద్దున మానస దాన్ని అలాగే తీసుకుపోయింది. విప్పింది స్కూల్లోనే.

విప్పి గోడకు అతికించేటప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. మానస చార్టు చూసింది. నావైపు చూసింది. అప్పటికే అతిథులు మెట్లెక్కుతున్నారు.

అతిథిగా వచ్చిన పెద్దాయన రోడ్ల పని చేసి రిటైరైన ఇంజనీరు. మంచివాడే. ఆసక్తిగా చూశాడు. తేదీల మీద వేలు పెట్టుకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు. "ఈ రోజు వాన గద బిడ్డా? ఆ సాయంత్రం నేను గా రోడ్డు మీదనే ఇరుక్కున్న. ఒక్క మనిషి నడవలే. ఈ ముప్పై అయిదు సెకన్లల్ల దాటిందెవరు?"

మానస తల వంచుకుంది.

స్కూలు కరస్పాండెంటు ముందుకు వచ్చి, అంకెలు ఎవరు వేసిన్రు అని, నేను మొదట రాసిన ప్రశ్నే అడిగారు. సారు చార్టు దగ్గరికి వచ్చి వంగి చూశారు. నేను వేసే అయిదుకు పైన చిన్న టోపీ ఉంటుంది. నా దుకాణంలో ఏ చార్టు చూసినా తెలుస్తుంది, ఆయన ఆ చార్టులన్నీ చూసినవారు. నావైపు తిరగలేదు. మానస వైపు చూశారు. కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచారు.

"నా క్లాసు. గోడకు పెట్టేముందు నేను చూడాల్సింది. చూడలే. తప్పు నాదే అనుకోండ్రి."

"అనుకునుడేంది సార్!" వెనక నుంచి ఒక తండ్రి అరిచాడు. "ఏడాది పొద్దు మా పిల్లల్ని రోడ్ల మీద నిలబెట్టి, ఆఖరికి దొంగ లెక్కలా?"

అక్కడ పుట్టింది ఆ పేరు. నేను విన్నాను. ఆ హాల్లో సగం మంది నా దుకాణానికి వచ్చేవాళ్ళే, వాళ్ళ ముందు చిన్నబోతానని భయపడ్డాను. మా అమ్మాయి పరువు అనుకున్నాను. రేపు చెప్పొచ్చు అనుకున్నాను. ఇవేవీ కారణాలు కావు. పిరికితనం, అంతే.

ఆ వారమే ప్రాజెక్టులు ఆపేశారు. ఆ తర్వాతి జూన్‌లో సారు ఆ స్కూల్లో లేరు. తీసేశారని ఎవరో అన్నారు, ఎక్కడికి పోయారో నేను కనుక్కోలేదు. ఇంట్లో ఈ మాట ఎప్పుడూ రాలేదు. మానస మాత్రం ఆ రోజు నుంచి తను రాసింది ఏదీ నా చేతికి ఇవ్వలేదు. పుస్తకాలకు అట్టలు కూడా తనే వేసుకుంది.

ఇప్పుడు ఆమె కోఠిలో ఒక బ్యాంకులో పనిచేస్తోంది. దుకాణానికి వచ్చినామె అన్న మాట మరునాడు పొద్దున టిఫిన్ దగ్గర ఆమెకు చెప్పాను. ఇడ్లీ తుంపుతున్న చెయ్యి ఆగింది.

"నేను తెల్లారే పోయి సారుకు చెప్పిన నాన్నా, నేనే వేసిన అని."

"నువ్వా? ఎందుకు?"

"ఇంకేమని చెప్పాలె మరి? మా నాన్న వేసిండు అని చెప్పాల్నా? సారు నమ్మలే. నీ అయిదు గిట్ల ఉండది బిడ్డా, పోయి క్లాసుల కూసో అన్నడు. గంతే."

తర్వాత ఆమె కంచం తీసుకుని లేచింది. పద్నాలుగేళ్ళ పిల్ల నాకోసం అబద్ధం ఆడింది, ఆయన మా ఇద్దరికోసం నిందను ఇంటికి పట్టుకుపోయారు. నేను మాత్రం పదేళ్ళు చార్టులు అమ్ముకున్నాను.

సారు కాచిగూడలో, స్టేషన్‌కు వెనక సందులో ఉంటున్నారని వాకబు చేసి తెలుసుకుని వెళ్ళాను. చిన్న కిరాయి ఇల్లు. సారు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూడగానే గుర్తుపట్టారు.

"చార్టుల సేటు! రా, రా. మానస ఎట్లున్నది?"

చెప్పాను. బ్యాంకు అనగానే మురిసిపోయారు. "రోడ్డు దాటేటోళ్ళను నిలబడి చూసుడు మానిందా, ఇంకా చూస్తున్నదా?" చాయ్ వచ్చింది. దూరంగా రైలు కూత వినపడితే మాట ఆపి విన్నారు. ఆ మధ్యాహ్నం ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. గోడమీద నీడ జరుగుతూ పోయింది. చెప్పాల్సిన మాట నాలుక చివరకు వచ్చి ఆగింది. అప్పుడు నాకు అర్థమైంది, ఆ మాట ఇక్కడ ఇద్దరి మధ్య చెప్తే నాకు బరువు తగ్గుతుంది, ఆయన పేరు అలాగే ఉంటుంది.

"శనివారం మన స్కూల్ల మీటింగు ఉన్నది సార్. మల్ల ప్రాజెక్టులు పెడుతున్రు. మీరు రావాలె."

"నేనెందుకయ్యా? నన్ను చూస్తె వచ్చేటోళ్ళు గూడ వాపసు పోతరు."

"నేను మాట్లాడేది ఉన్నది సార్."

ఆయన ఎందుకని అడగలేదు. "ఆటో నువ్వే తేవాలె, నా మోకాళ్ళు బాగలేవు" అన్నారు.

శనివారం అదే హాలు. కొత్త హెడ్‌మిస్ట్రెస్‌ను ముందే అడిగి అయిదు నిమిషాలు తీసుకున్నాను. ఆమె తల్లిదండ్రులకు ఈ పద్ధతి గురించి ఓపిగ్గా చెప్పింది. ప్రశ్నలన్నీ పాతవే. మార్కులు వస్తయా, సిలబస్ అయితదా, రోడ్ల మీదికి పంపుతరా. నా దుకాణానికి వచ్చినామె మూడో వరసలో ఉంది. సారు కిటికీ పక్క బెంచీ మీద, మానస ఆయన పక్కన. నన్ను పిలిచారు. బల్ల పట్టుకుని నిలబడ్డాను.

"నాకు మాట్లాడ రాదు. ఈ స్కూల్ల దొంగ లెక్కల సారు అని ఒకాయన ఉండె అని మీరు విన్నరు. ఆయన లెక్కలు దొంగవి కావు. ఆ పిల్లలు ఎండల నిలబడి, ఉన్నది ఉన్నట్టు రాసిన్రు. వాన పడ్డనాడు వాన అని రాసిన్రు. చార్టు మంచిగ కనపడాలె అని దాన్ని తుడిసి అంకె వేసింది నేను. ఆ పిల్ల తండ్రిని. ఎవరు వేసిన్రు అని ఈ హాల్లనే అడిగితె నేను నోరు మూసుకున్న. సారు తన మీదేసుకున్నడు. అదుగో, కిటికి కాడ కూసున్నడు." నేను బల్ల వదిలి ఆయన బెంచీ దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాను. "సార్, మీ కొలువు పోయింది నా వల్ల. మీ పేరు పోయింది నా వల్ల. పదేండ్ల కింద చెప్పాల్సింది. తప్పయింది సార్, నన్ను మన్నించుండ్రి. మానసా, నువ్వు చేసిన పనిని నేను పాడుచేసిన. నువ్వు గూడ మన్నించు బిడ్డా."